బస్తర్‌లో అడిగి అడుగుపెట్టండి

లేవండి. తెల్లవారుజాము మూడున్నర. చుక్కలు ఇంకా ఆరలేదు.

బుట్ట చంకకు తగిలించుకోండి. చేతిలో ఒక కర్ర ఉండనివ్వండి. టార్చి జేబులోనే పెట్టుకోండి, ముందు నడుస్తున్న ఆవిడ కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. ఆమె వెనక ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, ఆ తరవాత మీరు. మార్చి నెలాఖరు అయినా చలి చెవుల్ని కొరుకుతోంది. బస్తర్ పీఠభూమి సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉంటుంది. పగలు ఎండ మాడ్చేసినా తెల్లవారుజామున దుప్పటి కావాలి.

ఇది దర్భా వైపు పల్లె. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంట దాటి భద్రాచలం వైపు దిగే రోడ్డు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆ రోడ్డు మీదనే జీరం ఘాటీ ఉంది. 2013 మే 25న మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద దాడి చేసింది అక్కడే. తెలుగు పేపర్లలో బస్తర్ అంటే ఇన్నాళ్ళూ ఆ వార్తే. ఈ తెల్లవారుజామున మీ ముందున్నది వేరే బస్తర్. ముందు ముక్కుకు తగులుతుంది. తియ్యగా, కాస్త పులిసి, గొంతులోకి దిగే వాసన.

ఇప్పపువ్వు.

చెట్టు కింద నేల నల్లగా ఉంది. కాలి కింద బూడిద మెత్తగా తగులుతోంది. "ఆకులు కాల్చినం. పువ్వు కనవడాలె గద" అంటుంది ఆవిడ. తెలుగు! మీరు ఆగిపోతారు. ఆమె నవ్వుతుంది. "మిరప కోతకు వస్తం అన్నా మీ దిక్కు, ఏటేటా. ఇప్ప రాలే ఏళకు ఇంటికొస్తం."

ఎండుటాకుల్లో పడితే పువ్వు దొరకదు. అందుకని చెట్టు కింద నిప్పు పెట్టి ఊడుస్తారు. ఆ నిప్పు ఒక్కోసారి చెట్టు దాటి అడవిలోకి పాకుతుంది. అటవీ శాఖ వద్దంటుంది. చెట్టు కింద వలలు కట్టమంటుంది. కొన్నిచోట్ల కడుతున్నారు కూడా. ఇక్కడ మాత్రం బూడిదే.

టప్. మీ పక్కనే పడింది. టప్, టప్. పాలిపోయిన రంగు, లోపల రసం. వేలితో నొక్కితే అంటుకుంటుంది. ఒక్కటి నోట్లో వేసుకోండి. తియ్యటి రసం, వెనక చిన్న వగరు. ఇక వంగండి. ఒక్కొక్కటే ఏరాలి. పది నిమిషాలకు నడుం పట్టేస్తుంది. పిల్లల బుట్టలు సగం నిండాయి, మీ బుట్టలో అడుగు కనిపిస్తోంది.

ఇరవై అడుగుల దూరంలో ఇంకో ఇప్పచెట్టు. దాని కింద పువ్వు తెల్లగా పరుచుకుని ఉంది. అక్కడెవరూ లేరు. మీ కాలు అటు లేస్తుంది.

"అది మనది గాదు."

కంచె లేదు, బోర్డు లేదు, చెట్టుకు రంగు గుర్తు లేదు. అయినా ఆ చెట్టు ఏ ఇంటిదో ఊరంతటికీ తెలుసు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన హక్కు అది. వాళ్ళు పొద్దెక్కాక వస్తారు. అప్పటిదాకా ఆ పువ్వు అలాగే పడి ఉంటుంది. మీ కాలు వెనక్కి తీసుకోండి.

కుక్క ఆగింది.

చెవులు నిక్కబొడిచింది. వెన్ను మీద వెంట్రుకలు లేచాయి. మొరగడం లేదు. గొంతులోనే గుర్రుమంటోంది.

పిల్లలు ఏరడం ఆపారు. ఆవిడ చెయ్యి నేలకు సమాంతరంగా చాచింది. ఆగమని.

మీకూ వినిపిస్తోంది. ఎవరో గట్టిగా గాలి పీల్చి వదులుతున్నట్టు. ఆ రెండో చెట్టు వెనక. పొద కదిలింది. నల్లటి ముద్ద ఒకటి నేల మీద జరుగుతోంది. దాని వీపు మీద చిన్న ముద్ద.

ఎలుగు. వీపు మీద పిల్ల.

పరుగెత్తాలనిపిస్తుంది. వద్దు.

దానికి చూపు తక్కువ. చెవి కూడా అంతంత మాత్రమే. ముక్కు మాత్రం పదును. ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. పిల్ల ఉన్న తల్లి. ఉలిక్కిపడితే ముఖం మీదికే వస్తుంది. ఈ ఊళ్ళో ఒక చెంప లేని మనిషిని నిన్న మీరు చూశారు. ఎందుకని అడగలేదు. ఇప్పుడు తెలిసింది.

కదలకండి.

ఊపిరి మెల్లగా.

అది తల ఎత్తింది. తెల్లటి మూతి. గాలి వాసన పడుతోంది. గాలి ఎటు వీస్తోంది? మీ చెంపకు చల్లగా తగులుతోంది. అంటే దాని వైపు నుంచి మీ వైపు. మంచిదే.

ఒక అడుగు వెనక్కి. వీపు తిప్పకండి. ఇంకో అడుగు. పిల్లలు ఇప్పటికే ఆవిడ వెనక చేరారు. బుట్ట వదిలేయండి. చప్పుడు చెయ్యకుండా దించండి. ఇంకో అడుగు.

అది మళ్ళీ తల దించింది. చప్పరిస్తోంది.

యాభై అడుగుల దూరం వచ్చాక ఆవిడ గొంతెత్తి కూసింది. పిల్లలూ కూశారు. దూరంగా ఇంకో చెట్టు దగ్గర నుంచి ఎవరో జవాబుగా కూశారు. అడవి అంతా మనుషులున్నారు, మీకే కనిపించలేదు. పొదలు విరిగిన చప్పుడు అవతలి వాగు వైపు పోయింది.

మీ మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆవిడ అప్పుడే బుట్ట తెచ్చుకోవడానికి వెనక్కి నడుస్తోంది. "దాని వాటా అది తిన్నది" అంటుంది. ఆమె నవ్వడం లేదు.

ఏరిన పువ్వు ఇంటి వాకిట్లో ఎండుతుంది. మూడు నాలుగు రోజులకు గోధుమ రంగుకు తిరిగి, ముడుచుకుపోయి, బరువు చాలా తగ్గిపోతుంది. అప్పుడు సంతకు. నెత్తిన మూట, చంకన పిల్ల, ఒక చేతిలో కోడిపుంజు. మీరు చింతపండు గంప అందుకోండి. ఎండుపువ్వుకు కేంద్రం 2020లో మద్దతు ధరను కిలో 17 రూపాయల నుంచి 30కి పెంచింది. అయితే ఊరి మొదట్లోనే, సంత గేటు దాకా కూడా పోనివ్వకుండా, త్రాసు పట్టుకుని నిలబడ్డాడు కోచియా. ఊళ్ళ మీద సరుకు కొని జగదల్‌పూర్ పెద్ద వ్యాపారులకు చేర్చే మనిషి. చేతిలో నోట్లు చూపిస్తున్నాడు. సహకార సంఘం కేంద్రానికి మోసుకెళ్ళి, తూకం వేయించి, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలా? ఇక్కడే దించేసి ఉప్పు, నూనె, పిల్ల మందులు కొనుక్కుని చీకటి పడేలోపు ఇల్లు చేరాలా? నిర్ణయించుకోవడానికి మీకు ఒక నిమిషం ఉంది. వెనక వరస పెరుగుతోంది.

ఆవిడ సగం దించింది. సగం ఉంచుకుంది. వానాకాలంలో పండగ వస్తే ఇదే పువ్వును ఇదే సంతలో ఎక్కువ ధరకు కొనుక్కునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆమెకు అది తెలుసు.

లోపలికి రండి. ఆకు పరిచి కుప్పలు పోసిన చింతపండు, కరక్కాయ, సాల గింజలు, సారపప్పు. ఈ సారపప్పును ఒకప్పుడు బయటి వ్యాపారులు ఉప్పుకు బదులుగా తూచుకుపోయేవారు. హైదరాబాదులో స్వీటు మీద చల్లే పప్పు ఇది. కిలో ధర ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఉప్పు ధరా తెలుసు. ఆ రెండూ ఒకే తూకంలో నిలబడిన రోజుల్ని ఇక్కడి ముసలివాళ్ళు మరిచిపోలేదు.

కాస్త ముందుకు వస్తే ఎర్రచీమల పచ్చడి. చాపడా అంటారు. చీమల్నీ గుడ్లనీ మిరపకాయ, ఉప్పుతో నూరింది. దొప్పలో పెట్టి మీ ముందు పెడుతుంది ఒకామె. పులుపు నాలుక చివర కుట్టి, చెవుల దాకా పాకుతుంది. దాని మీద జీలుగు కల్లు ఒక గుక్క. ఇక్కడ దాన్ని సల్ఫీ అంటారు. పెరట్లో కల్లు పారే జీలుగు చెట్టు ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడరు.

ఏప్రిల్, మే వస్తే ఇదే చేతులు తునికాకు కోస్తాయి. 50 ఆకులు ఒక కట్ట. 1,000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తాకు ఇచ్చేది 2,500 నుంచి 4,000కు, అక్కడి నుంచి 5,500 రూపాయలకు పెరిగింది. మీరే లెక్క వెయ్యండి. ఒక్కో ఆకుకు 11 పైసలు. ఎండలో తిరిగి, కొమ్మ వంచి, పగుళ్ళు లేని ఆకు చూసి తుంచి, ఇంటికి తెచ్చి, రాత్రి దీపం కింద లెక్కపెట్టి కట్టినందుకు.

ఇప్పుడు ఆరు నెలలు ముందుకు రండి. వానలు వెనక్కి తగ్గాయి. జగదల్‌పూర్ నుంచి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే చిత్రకోట్. దారిలో లోహండీగూడ. ఇక్కడ బండి ఆపండి. రోడ్డుకు అటూ ఇటూ వరి పాలు పోసుకుంటోంది. ఈ మడుల్లో కొన్ని పదేళ్ళకు పైగా కాగితాల మీద మడులుగా లేవు. 2005లో టాటా స్టీలు కర్మాగారానికి ఒప్పందం జరిగింది. పది ఊళ్ళ భూమి సేకరించారు. రైతుల్లో చాలామంది ఒప్పుకోలేదు. గ్రామసభల్లో తమ మాట వినలేదన్నారు. కర్మాగారం రాలేదు. 2019 ఫిబ్రవరిలో 1,707 మంది రైతులకు ఆ భూమి పత్రాలు తిరిగి చేతికిచ్చారు. పరిశ్రమ కోసం తీసుకున్న భూమి మళ్ళీ నాగలి కిందికి రావడం ఈ దేశంలో ఎంత అరుదో మనకు తెలుసు. గట్టు మీద కాసేపు నిలబడండి. ఇంకో వైపు చూస్తే, జగదల్‌పూర్ దగ్గర నగర్‌నార్‌లో ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారం నిలబడింది, 2023 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. దంతెవాడ అవతల బైలాడీలా కొండల ఇనుప ఖనిజం 1960ల చివర నుంచి కిరండూల్–కొత్తవలస రైలు మార్గంలో అరకు లోయ మీదుగా విశాఖ దిగుతూనే ఉంది. విశాఖ ఉక్కులో ఉన్నది ఈ కొండే.

చిత్రకోట్ చప్పుడు కంటికి ముందే కాళ్ళకు తెలుస్తుంది. నేల అదురుతోంది. ఇంద్రావతి ఒక్కసారిగా గుర్రపు నాడా ఆకారంలో విరిగి సుమారు 95 అడుగుల కిందికి పడుతోంది. వానాకాలం నిండుగా ఉన్నప్పుడు వెడల్పు 300 మీటర్ల దాకా. తుంపర మీ కళ్ళజోడు కప్పేసింది. అంచు దగ్గర రాయి తడిగా ఉంది, అక్కడే ఆగండి. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఈ నీళ్ళు బీజాపూర్ జిల్లా చివర గోదావరిలో కలుస్తాయి. వేసవిలో వచ్చి ఉంటే ఈ అంచు మీద రెండు మూడు సన్నటి ధారలే చూసేవారు. ఎగువన ఒడిశా సరిహద్దులో జోరా నాలా దగ్గర ఇంద్రావతి నీళ్ళు చాలా భాగం శబరి వైపు మళ్ళిపోతున్నాయి. శబరి మన కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఏ దారిన వచ్చినా ఆ నీళ్ళు చివరికి మన గోదావరిలోనివే. కానీ ఇక్కడి పొలానికి అందవు. 2019 మే నెల ఎండలో ఇంద్రావతిని కాపాడాలంటూ ఇక్కడి జనం పాదయాత్ర చేశారు.

చీకటి పడేలోపు జగదల్‌పూర్ చేరాలి. ఈ రాత్రి విజయదశమి.

ఊరి నడిమధ్య దంతేశ్వరి గుడి, పక్కనే రాజమహల్. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని చెబుతారు. కాకతీయుల పేరు ఓరుగల్లులో ఆగిపోయినా ఇక్కడ ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. ఆ వంశపు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ను 1966 మార్చి 25న ఈ మహల్ ఆవరణలోనే పోలీసు కాల్పుల్లో చంపారు. ఆయనతోపాటు ఎందరో ఆదివాసులు చనిపోయారు. ఈ గోడల పక్క నిలబడి ఆ సంగతి తలుచుకోకుండా ఉండలేం.

ఇక్కడి దసరాలో రావణుడు కాలడు. ఇది దేవి పండగ. మన ఆషాఢ అమావాస్యకు అడవి నుంచి మొదటి దుంగ రావడంతో మొదలై సుమారు 75 రోజులు నడుస్తుంది. నవరాత్రికి ముందు అమావాస్య నాడు మీరు వచ్చి ఉంటే ఇంకో సంగతి చూసేవారు. మారేడు ముళ్ళు పరిచిన ఉయ్యాల. దాని మీద కాచన్ దేవి పూనిన చిన్నపిల్ల. మిర్గాన్ అనే పేద నేతకులంలో పుట్టిన పిల్ల. రాజవంశం వాళ్ళు ఆమె ముందు నిలబడి పండగ చేసుకోవచ్చా అని అడుగుతారు. ఆమె పువ్వు ఇస్తేనే పండగ. శతాబ్దాల రాజ్యం, వందల ఊళ్ళ దేవతలు, రథం, ఏనుగంత దుంగలు, అన్నీ ఒక చిన్నపిల్ల చేతి పువ్వు కోసం ఎదురుచూస్తాయి.

ఇప్పుడు రథం వైపు చూడండి. ఎనిమిది చక్రాలు. రెండంతస్తులు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ అనే రెండు ఊళ్ళ వడ్రంగులు, కమ్మరులు చెక్కి నిలబెట్టింది. పైన దేవి ఛత్రం, పూజారి. ముందు తాళ్ళు. ముట్టుకోండి. గరుగ్గా, పచ్చి వాసనతో ఉన్నాయి. అడ్డతీగ నార. మీరు ఏ ఆకు విస్తరిలో పెళ్ళి భోజనం చేశారో ఆ తీగ పట్టే ఈ తాడు.

తాళ్ళ వెంట వందలమంది యువకులు. కిలేపాల్ వైపు ఊళ్ళ మాడియా ఆదివాసులు. ఈ రథం లాగే హక్కు వాళ్ళది. మీ చెయ్యి తాడు మీద ఉంది. ఒకతను మీ వైపు చూశాడు. కోపం లేదు. చూపు మాత్రం తాడు నుంచి మీ చేతికి, చేతి నుంచి మీ ముఖానికి కదిలింది. మార్చిలో ఆ రెండో చెట్టు గుర్తొచ్చిందా? చెయ్యి తీయండి.

డప్పులు పెరిగాయి. తాళ్ళు బిగిశాయి. చక్రం కిర్రుమంది.

ఆ కొయ్య కొండకు బ్రేకు లేదు. స్టీరింగు లేదు. వెనక నుంచి దుంగలతో తోసి దారి మళ్ళిస్తారు. మలుపు దగ్గర వీధి సన్నబడింది. జనం గోడలా ఒరుసుకున్నారు. మీ వీపు ఒక దుకాణం షట్టరుకు ఆనింది.

రథం ఒరిగింది.

కేకలు. పక్కకు. పక్కకు!

ఎటు? ఎడమ వైపు మురుగు కాలువ. కుడి వైపు ఒక ముసలావిడ, చేతిలో మనవడు. ముందు చక్రం.

మనవణ్ణి అందుకోండి. భుజం మీదికి. ముసలావిడ చెయ్యి పట్టుకోండి. కాలువ అరుగు ఎక్కండి. ఎక్కండి!

చక్రం మీరు నిలబడ్డ చోటు మీదుగా పోయింది. చెప్పు ఒకటి నలిగింది. మీదే. కాలు ఉంది.

పిల్లవాడు ఏడవడం లేదు. పైన పూల మధ్య ఛత్రం ఊగుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

రాత్రి బాగా పొద్దుపోయాక అసలు సంగతి జరుగుతుంది. రథం నిలిపిన చోట ఉండదు. మాడియాలు దాన్ని దొంగిలించి ఊరి బయట కుమ్హడాకోట్ చెట్ల దగ్గరికి లాక్కుపోతారు. మీరు వెంట నడవండి. ఎవరూ ఆపరు, పోలీసులు కూడా. ఇది ఏటా జరిగే దొంగతనం. తెల్లవారాక రాజవంశపు వారసుడు అక్కడికి రావాలి. కొత్త బియ్యం వండి, దేవికి పెట్టి, రథం తీసుకుపోయిన వాళ్ళతో కూర్చుని తినాలి. అప్పుడే రథం తిరిగి ఊళ్ళోకి కదులుతుంది. దొప్పలో మీకూ ఒక ముద్ద పెడతారు. కొత్త బియ్యం మెత్తగా, పాల వాసనతో ఉంటుంది.

ఆ తరవాత కొన్నాళ్ళకు మురియా దర్బారు. 1876లో మురియా ఆదివాసుల తిరుగుబాటు తరవాత మొదలైంది. ఊరి పెద్దలు, పరగణా పెద్దలైన మాంఝీలు లేచి నిలబడి పాలకుల ముఖం మీదే తమ కష్టం చెబుతారు. ఒకప్పుడు రాజు కూర్చునే చోట ఇప్పుడు ముఖ్యమంత్రి కూర్చుంటాడు. రోడ్డు, బడి, ఆసుపత్రి, అటవీ హక్కు పట్టా. కొన్ని కోరికలు ఏటా అవే.

మీరు తిరుగు బస్సు ఎక్కుతున్నారు. ఇంకో రెండు మూడు నెలల్లో ఆవిడ కూడా అదే దారిన దిగుతుంది. భద్రాచలం మీదుగా, ఖమ్మం, ములుగు వైపు మిరప చేలకు. ట్రాక్టరు ట్రాలీలో, పిల్లలతో, వంట గిన్నెలతో. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ఈ చేల నుంచే ఎందరో కూలీలు అడవి దారుల వెంట బస్తర్‌కు నడిచి వెళ్ళారు. ఇల్లు చేరనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

మీది ఆ వైపు ఊరైతే, మీకు తెలిసిన రైతు ఎవరైనా మిరప వేసి ఉంటే, ఈసారి చేను గట్టు మీద ఆ పరదా గుడిసెల దగ్గర ఒకసారి ఆగండి. ఏ ఊరని అడగండి. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో, రోజు కూలి ఎంత మాట్లాడారో, ఎంత చేతికొచ్చిందో, పిల్లల్ని దగ్గరి బడిలో కూర్చోనిస్తున్నారో లేదో అడగండి. జవాబు బాగా లేకపోతే రైతుతో మాట్లాడండి, సర్పంచితో మాట్లాడండి. కోతలు జనవరిలో మొదలవుతాయి.